షాపు మూసే వేళకి ఫాస్ట్‌ఫుడ్: ఆ అలవాటు నుంచి ఎలా బయటపడ్డాను

విజయవాడ సూర్యారావుపేటలో అడుగడుగునా ఆసుపత్రులే, వాటిని ఆనుకొని మందుల షాపులే. అలాంటి ఒక షాపులో నేను ఫార్మసిస్టుని. షట్టర్ దించేసరికి రాత్రి పదిన్నర అవుతుంది. అక్కడి నుంచి బందరు రోడ్డు మీదుగా బెంజి సర్కిల్ దాటి పటమటలో ఇంటికి చేరాలి. ఆ వేళకి మిగతా కొట్లు మూసేస్తారు గానీ ఫాస్ట్‌ఫుడ్ బళ్ళ దగ్గర మాత్రం మంచి సందడి. కొన్నేళ్ళపాటు నా రాత్రి భోజనం అక్కడే జరిగింది. చికెన్ ఫ్రైడ్‌రైస్ లేదా ఎగ్ నూడుల్స్, పక్కన చికెన్ పకోడీ, చివర్లో ఒక కూల్‌డ్రింకు. ఇంట్లో నా కోసం తీసిపెట్టిన అన్నం, కూర మర్నాడు పొద్దున ఫ్రిజ్‌లో అలాగే ఉండేవి.

కిందటేడు రక్తపరీక్ష చేయించుకుంటే ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, 284 వచ్చాయి. 150 లోపు ఉండాలి. గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. అది 5.7 నుంచి 6.4 మధ్యలో ఉంటే షుగరు ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చినట్టే. షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్, కొలెస్ట్రాల్‌కిచ్చే అటోర్వాస్టాటిన్ స్ట్రిప్పులు రోజూ నా చేతుల మీదుగానే పోతాయి. నా వయసు వాళ్ళు, నాకంటే చిన్నవాళ్ళు కూడా చీటీ పట్టుకొని వస్తుంటారు. కాబట్టి ఆ కాగితం చూడగానే నాకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేకపోయింది. డాక్టరు గారు ఒక్కటే అన్నారు: "మూడు నెలలు తిండి సరిచేసుకుని రండి, మందుల సంగతి అప్పుడు చూద్దాం."

రేపటి నుంచి మానేస్తాను అని గట్టిగా అనుకోవడం అందరూ చేసేదే. పగలంతా ఆ మాట నిలబడుతుంది. రాత్రి బండి దగ్గరికి వచ్చేసరికి నిలబడదు. ఎందుకు నిలబడదో అర్థం కావాలంటే ఆ బండిని ఒకసారి దగ్గర నుంచి చూడాలి. పెద్ద బర్నరు మీద మంట హోరుమంటుంది. నల్లటి కడాయిలో గరిటెడు నూనె, గుడ్డు, చికెన్ ముక్కలు, సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్. ముందే వండి ఆరబెట్టిన అన్నం. దాని మీద ఉప్పు, మిరియాల పొడి, టేస్టింగ్ సాల్ట్, సోయా సాస్, చిల్లీ సాస్, వెనిగర్ చకచకా పడతాయి. సాస్ కడాయి అంచుకి తగిలిన క్షణంలో ఘాటుగా, పుల్లగా ఒక పొగ లేస్తుంది. గరిటెతో కడాయిని టకటకా కొడతారు. ఆ పొగ, ఆ చప్పుడు రెండూ కలిస్తే చాలు, నోట్లో నీళ్ళూరేవి, బైకు స్లో అయిపోయేది. ఆ క్షణంలో రిపోర్టు గుర్తుకు రాదు.

అందుకని మానేసే సంగతి కొన్నాళ్ళు పక్కన పెట్టి, ముందు రాయడం మొదలుపెట్టాను. షాపులో పాత బిల్లు కాగితాల వెనక నాలుగే విషయాలు రాసేవాణ్ణి. ఎన్నింటికి తిన్నాను, ఏం తిన్నాను, అంతకుముందు ఎప్పుడు తిన్నాను, ఆ రోజు ఎలా గడిచింది. మొత్తం నా అనుభవంలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఈ పనే. మధ్యాహ్నం క్యారేజీ ఒకటిన్నరకి తినేవాణ్ణి. ఐదింటికి టీ, రెండు బిస్కెట్లు. ఆ తర్వాత పదిన్నర దాకా ఏమీ లేదు. అంటే భోజనానికీ భోజనానికీ మధ్య తొమ్మిది గంటలు. ఆకలి రుచెరుగదు అంటారు. తొమ్మిది గంటలు ఆగిన కడుపు మాత్రం దారిలో ముందు ఏది కనపడితే దాన్నే అడుగుతుంది. ఆ దారిలో ముందు కనపడేది నూనెలో తేలేదే. స్టాకు చెకింగ్ జరిగిన రోజు, ఎక్స్‌పైరీ మందులు కంపెనీలకి వెనక్కి పంపే రోజు, చిల్లర దగ్గరో బ్రాండు దగ్గరో కస్టమరుతో మాట పెరిగిన రోజు ప్లేటుతో పాటు పకోడీ కూడా తప్పనిసరి. సెలవు రోజు, ఇంట్లో ఎనిమిదింటికే భోంచేస్తే ఫ్రైడ్‌రైస్ ఊసే లేదు.

కానీ ఆ కాగితాల్లోనే ఇంకొకటి బయటపడింది. ఫ్రైడ్‌రైస్, నూడుల్స్ ఆకలి ఉంటేనే కావాలనిపించేవి. చికెన్ పకోడీ అలా కాదు. కడుపు నిండా తిన్నాక కూడా, పెళ్ళిలో భోజనం చేసి వస్తూ కూడా, ఒక ముక్క నోట్లో పడితే పొట్లం ఖాళీ అయ్యేదాకా ఆగేది కాదు. ఇంట్లో మిక్చర్ ప్యాకెట్ కూడా అంతే. ఆకలితో తినేదాన్నీ ఆపుకోలేక తినేదాన్నీ ఒకే గాటన కట్టడం వల్లే ముందు చేసిన ప్రయత్నాలు నిలవలేదని నా నమ్మకం. ఆకలితో తినేదానికి మందు ఏమిటంటే, వేళకి తినడం. ఆపుకోలేక తినేదానికి ఆ మందు పనిచేయదు.

మొదటిదానికి వేళ మార్చాలి. షాపులోనే ఎనిమిదిన్నరకి తినేస్తే సరిపోతుంది, కానీ తినేది ఏది? పొద్దున వండిన అన్నం విజయవాడ ఎండకి రాత్రి దాకా ఆగదు, పాడైన అన్నం తింటే అదొక జబ్బు. షాపులో ఫ్రిజ్ ఉంది గానీ అందులో ఇన్సులిన్, వ్యాక్సిన్లు ఉంటాయి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందుల పక్కన కూర గిన్నె పెట్టకూడదు, మాటిమాటికీ ఆ తలుపు తీయకూడదు. మా ఆవిడ స్కూల్లో టీచరు. పొద్దున్నే రెండు పూటలకీ కట్టాలంటే తనకి కష్టం. "ఏవండీ, పుల్కాలు నేను చేస్తాను, వేపుడుకి కూరగాయలు రాత్రే మీరు తరిగి పెట్టండి" అంది. అలా కుదిరింది. సాయంత్రం ఆరున్నరకి గుప్పెడు వేయించిన పల్లీలు, ఒక అరటిపండు లేదా జామకాయ. ఎనిమిదిన్నరకి మూడు పుల్కాలు, బెండకాయో దొండకాయో వేపుడు, పక్క కొట్లో కొన్న పెరుగు. ఓనరుగారితో మాట్లాడి, నేనూ ఇంకో కుర్రాడూ వంతుల వారీగా వెనక గదిలోకి వెళ్ళి కూర్చుని తినేట్టు ఒప్పించాను. నిలబడి తినే తిండికీ కూర్చుని తినే తిండికీ ఎంత తేడానో అప్పుడే తెలిసింది.

తిండి రకాన్ని బట్టి ఎంత తింటామో కూడా మారుతుందని తర్వాత చదివాను. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2019లో ఒక అధ్యయనం ప్రచురించింది. 20 మందిని అక్కడే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీల్లో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. రెండిటిలోనూ వడ్డించిన క్యాలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానమే, ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్రాసెస్ చేసిన తిండి పెట్టినప్పుడు రోజుకి సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు ఒక కిలో పెరిగారు. తినే వేగం కూడా పెరిగింది. బండి మీద ఫ్రైడ్‌రైస్ సరిగ్గా ఆ కోవలోకి రాదు. అయినా మెత్తటి అన్నం, నమిలే పని లేని నూడుల్స్, నిలబడి ఐదు నిమిషాల్లో ముగించే పద్ధతి చూస్తే, కడుపు చాలు అనేలోపే ప్లేటు అయిపోయేది ఎందుకో నాకు అర్థమైంది.

టేస్టింగ్ సాల్ట్ వల్లే వ్యసనం అవుతుందని మా షాపుకి వచ్చేవాళ్ళు తరచూ అంటారు. నేను ఒప్పుకోను. అది మోనోసోడియం గ్లుటామేట్. అందులోని గ్లుటామేట్‌ని 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు నుంచి వేరుచేశారు. గ్లుటామేట్ మన టమాటాలో కూడా సహజంగా ఉంటుంది. మామూలు ఉప్పులో ఉండే సోడియంలో దాదాపు మూడో వంతే టేస్టింగ్ సాల్ట్‌లో ఉంటుంది. అసలు చూసుకోవాల్సింది మొత్తం ఉప్పు. రోజుకి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలూ అదే చెబుతున్నాయి. సోయా సాస్, చిల్లీ సాస్, ఉప్పు, టేస్టింగ్ సాల్ట్ అన్నీ ఒకే ప్లేటులో పడితే, మిగతా పూటల్లో తిన్నది కూడా కలుపుకొని చూడండి, ఆ 5 గ్రాముల లోపు ఉండటం చాలా కష్టం. నూనె సంగతి వేరే చెప్పక్కర్లేదు, కాగిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచొద్దని ఆ పోషకాహార సంస్థ కూడా చెప్పింది.

కడుపు నిండి ఉన్నా మొదట్లో ఆ పొగ లాగేది. కొన్నాళ్ళు బందరు రోడ్డు వదిలేసి మొగల్రాజపురం వీధుల్లోంచి ఇంటికి వెళ్ళాను. కోరిక గట్టిగా పుట్టినా ఇల్లు చేరేలోపు దానంతటదే తగ్గిపోతుందని అప్పుడు గమనించాను. ఫోన్లోంచి ఫుడ్ డెలివరీ యాప్ తీసేశాను. రాత్రి పదకొండుకి ఆఫర్ మెసేజ్ వచ్చే ఫోను పక్కన పెట్టుకుని దారి మార్చి ప్రయోజనం లేదు.

ఒకరోజు బండి కుర్రాడు సిగ్నల్ దగ్గర కనపడి, "ఏం అన్నా, అసలు కనపడట్లేదు?" అన్నాడు. డాక్టరు వద్దన్నారని చెప్పాను. "మా నాన్నకీ షుగరే అన్నా. పోనీ నూనె తగ్గించి చేయనా?" అన్నాడు. ఇన్నేళ్ళు నా ఆకలి తీర్చినవాడు, నాకు అతని మీద ఏ కోపమూ లేదు. అర్ధరాత్రి దాకా ఆ మంట ముందు నిలబడేది అతనే. ఎప్పుడైనా ఇంట్లోవాళ్ళతో కలిసి వస్తానని చెప్పాను, వెళ్తున్నాను కూడా. ముగ్గురం రెండు ప్లేట్లు తెప్పించుకుని, కుర్చీల్లో కూర్చుని తింటాం, ఏడింటికే.

చికెన్ పకోడీ మాత్రం పూర్తిగా మానేశాను. నెలకొకసారి, రెండే ముక్కలు అనే లెక్క నా విషయంలో పనిచేయదని ఆ కాగితాలే చెప్పాయి. ఒక్కటి కూడా తినకుండా ఉండటం నాకు సులువు, ఒక్కటి తిని ఆగడమే కష్టం. మిక్చర్ ఇంటికి తేవడం లేదు. మా అమ్మాయికి కావాలంటే పది రూపాయల ప్యాకెట్ బయటే కొని అక్కడే తినిపిస్తాను. ఇది అందరికీ వర్తిస్తుందని అనను. ఏది ఒక ముక్కతో ఆగుతుందో, ఏది ఆగదో ఎవరికి వాళ్ళు రాసి చూసుకోవాలి.

మధ్యలో బండి దగ్గర ఆగి తిన్న రాత్రులు ఉన్నాయి. అలాంటప్పుడు మర్నాడు ఉపవాసం చేసి సరిచేద్దామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. పగలంతా మాడిన కడుపుతో రాత్రి మళ్ళీ అదే బండి ముందుకే వస్తాం. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు బిళ్ళ వేసుకునేవాళ్ళయితే భోజనం మానేస్తే షుగరు పడిపోయి ప్రమాదం కూడా. ఇంకో మాట. ఆకలి లేకపోయినా, ఎవరికీ కనపడకుండా, ఆపుకోలేనంతగా తినడం వారానికి ఒకసారైనా జరుగుతూ మూడు నెలలు దాటితే అది వట్టి అలవాటు కాకపోవచ్చు. దాన్ని ఒక జబ్బుగా వైద్యులు గుర్తించారు, చికిత్స ఉంది. సైకియాట్రిస్టు చీటీతో మా షాపుకి వచ్చేవాళ్ళు చుట్టూ చూసి మెల్లగా మాట్లాడతారు. అంత సంకోచం అక్కర్లేదు.

మూడు నెలల తర్వాత ట్రైగ్లిజరైడ్స్ 171, హెచ్‌బీఏ1సీ 5.8. ప్రస్తుతానికి బిళ్ళ అవసరం లేదు, ఆరు నెలలకి మళ్ళీ చూద్దాం అన్నారు డాక్టరు గారు. ఎండలు ముదిరాక పుల్కాలు సాయంత్రానికి గట్టిపడుతున్నాయి, వేపుడు కూడా ఒక్కోరోజు వాసన వస్తోంది. అందుకని ఈ వారం అటుకులు తీసుకెళ్ళి, పెరుగు, ఉల్లిపాయ ముక్కలు కలుపుకుని, రెండు ఉడకబెట్టిన గుడ్లు పక్క హోటల్లో తెప్పించుకుంటున్నాను. ఇంటికి చేరేదాకా ఆకలి వేయడం లేదు.