పాండురాజు శాపం, ఐడహో ఎల్క్

వేట అనగానే మనకు గుర్తొచ్చేది పేపర్లో కేసు వార్త. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక దుప్పిని కొట్టినవాడు మన లెక్కలో దొంగే. అలా పెరిగిన నాతో, అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని బాయిసీలో పుట్టి పెరిగిన మా పద్నాలుగేళ్ల అమ్మాయి "నాన్నా, ఎల్క్ వేటకు అప్లై చేస్తా" అంది. ఎల్క్ అంటే పెద్ద జాతి దుప్పి.

ఇక్కడ అది కేసు కాదు. అక్టోబర్ వస్తే దాని క్లాసు పిల్లలు తాతల వెంట కొండలెక్కుతారు. ఐడహోలో 60 శాతం పైగా నేల ఫెడరల్ ప్రభుత్వానిది. మన దగ్గర ప్రభుత్వ భూమి అంటే ఎవడో ఒకడు కంచె వేసేదాకా ఖాళీగా ఉండే జాగా. ఇక్కడ బీఎల్‌ఎం (ఫెడరల్ భూముల శాఖ) నేలమీదా, నేషనల్ ఫారెస్టులోనూ ఎవరైనా టెంటు వేసుకోవచ్చు, లైసెన్సూ ట్యాగూ (ఒక జంతువుకు ఇచ్చే అనుమతి చీటీ) ఉంటే వేటాడొచ్చు.

నా భయం జంతువు గురించి కాదు, తుపాకీ గురించి. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. చెల్లే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఉన్నా సరే, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాడికి సాహసాలెందుకు? అమ్మాయి అమెరికన్ సిటిజన్, దానికి ఆ గొడవ లేదు. నేను మూటలు మోస్తాను, అంతే అన్నాను. నేర్పించేది, రైఫిల్ ఇచ్చేది పక్కింటి పెద్దాయన. 1975 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లు ఇక్కడ లైసెన్సు కొనాలంటే హంటర్ ఎడ్యుకేషన్ పాసవ్వాలి. అమ్మాయి పక్కన కూర్చుని నేనూ ఆ పాఠాలన్నీ విన్నాను.

అసలు చర్చ సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో ఉన్న మా అమ్మతో వీడియో కాల్‌లో జరిగింది. వద్దంటుందనుకున్నాను. "కన్నప్ప బోయవాడే కదరా, శివుడు ఆ మాంసం తినలేదా?" అంది. కానీ ఒక షరతు పెట్టింది. జింక రూపంలో భార్యతో కలిసి ఉన్న కిందమ మునిని కొట్టబట్టే పాండురాజు శాపం తెచ్చుకున్నాడు. కాబట్టి జత కట్టే కాలంలో మాత్రం వద్దు తల్లీ అంది.

చిక్కల్లా అక్కడే. ఎల్క్ జత కట్టేది సెప్టెంబర్‌లో. మగవి సన్నని ఈలగా లేచి గుర్రుగా ముగిసే కూతలు వేస్తూ, ఆడదాని గొంతు అనుకరిస్తే దగ్గరికొచ్చేస్తాయి. వేటగాళ్లంతా ఏడాదంతా ఎదురుచూసే నెల అది. దాన్ని వదులుకుంటామంటే పెద్దాయన నమ్మలేదు. అమ్మాయి ఆయనకి పాండురాజు కథంతా ఇంగ్లీషులో చెప్పింది. ఆయన టోపీ సర్దుకుని, "ఓకే, అక్టోబర్" అన్నాడు. మే నెలలో అప్లై చేశాం. ఐడహోలో ఇంతకుముందు రానివాళ్లకి ముందు ఇచ్చే పాయింట్ల లెక్కలుండవు, అంతా లాటరీ అదృష్టమే. ట్యాగ్ తగిలింది. హెచ్-1బీ తర్వాత మా ఇంటికి తగిలిన లాటరీ ఇదొక్కటే.

లాస్ట్ రివర్ కొండలు బాయిసీ నుంచి నాలుగు గంటల దారి. కింద సేజ్‌బ్రష్ తుప్పల ఎడారి, పైన రాళ్లు, మధ్యలో ఫర్ చెట్ల గుబుర్లు. అక్టోబర్‌లో మగ ఎల్క్ కూతకు పెద్దగా పలకదు. అలిసిపోయి, చిక్కిపోయి ఆ గుబుర్లలో పడుకుంటుంది. బైనాక్యులర్లతో గంటలు గంటలు వెతకాలి. పెద్దాయన చిన్న సీసాలోంచి పౌడరు గాల్లోకి చిమ్మి గాలి చూసుకునేవాడు. పొద్దున గాలి కొండమీంచి కిందికి దిగుతుంది, ఎండెక్కాక పైకి మళ్లుతుంది. మన వాసన దానికి తగిలిందా, ఆ రోజు పని అయిపోయినట్టే.

మొదట కనిపించిన మగదాన్ని అమ్మాయి కాల్చలేదు. దాని వెనక వరసలోనే ఆడది నిలబడి ఉంది, తూటా దూసుకుపోతే దానికి తగులుతుంది. కొమ్ములు చూసి నాకే ఆత్రం ఆగలేదు. అమ్మాయి మాత్రం రైఫిల్ సేఫ్టీ కూడా తీయలేదు. మర్నాడు సాయంత్రం ఇంకొకటి ఒంటరిగా దొరికింది. ఒకే తూటా.

తర్వాతే అసలు పని. ముందు ట్యాగ్ మీద నెల, తేదీ గళ్లు చాకుతో కోసి తీసెయ్యాలి. ఆ దళసరి తోలు కింద వేడి తగ్గకపోతే తుంటి ఎముక దగ్గర మాంసం చెడిపోతుంది. అందుకే చీకట్లో, నుదుటి లైట్ల వెలుగులో, అక్కడికక్కడే తోలు తీశాం. చలికి మా వేళ్లు కొంకర్లు పోతుంటే తోలు కింద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. తొడలు, జబ్బలు, వెన్ను మాంసం వేటికవి గుడ్డ సంచుల్లో కట్టాం. తినదగ్గ మాంసం అడవిలో వదిలేస్తే ఇక్కడ నేరం. ఒక్క వెనక తొడే ముప్పై కిలోలుంటుందేమో, నా నడుము ఇంకా మర్చిపోలేదు. పెద్దాయన పైదవడలోంచి రెండు కోరపళ్లు తీసి అమ్మాయి చేతిలో పెట్టాడు. ఎల్క్ కోరపళ్లని ఇక్కడివాళ్లు ఏనుగు దంతంలాగే "ఐవరీ" అంటారు, దాచుకుంటారు.

కొమ్ముల తల హాల్లో పెట్టనివ్వలేదు, గరాజ్‌లోనే ఉంది. ఆ మాట మీద నేను గట్టిగానే ఉన్నాను.

ఫోన్లో మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "అందరికీ పంచారా?" అని. అడవి మాంసం అమ్మితే నేరం, పంచితే ఏ అభ్యంతరమూ లేదు. తెలుగు మిత్రుల్లో సగం మంది మొహం తిప్పుకున్నారు, మిగతా సగం మెల్లగా డబ్బాలు పట్టుకొచ్చారు. కొవ్వు ఉండదు కాబట్టి మటన్‌లా వండితే చెక్కలా అవుతుంది. పచ్చిబొప్పాయి పట్టించి కుక్కర్లో పెట్టాలి. కీమా మాత్రం గోంగూరతో అద్భుతం.

ఇప్పుడు మా చిన్నవాడు విల్లు నేర్చుకుంటున్నాడు. వాడికి కావాల్సింది ఎల్క్ దగ్గరికొచ్చే సెప్టెంబరే. పాండురాజు సంగతి వాళ్ల నాయనమ్మే చూసుకోవాలి, ఆ గొడవలో నేను దూరను.