ఫ్రీ స్పిరిట్ టెన్ స్పీడ్: డబ్బు బరువు మీద కాదు, బ్రేకుల మీద

1970లలో అమెరికన్లకు సైకిళ్ల మీద ఉన్నట్టుండి మోజు పుట్టింది. 1973లో ఆ ఒక్క దేశంలోనే దాదాపు కోటిన్నర అమ్ముడయ్యాయి. వాటిలో చాలావరకు సైకిల్ షాపుల్లో కొన్నవి కావు. సియర్స్‌లో ఫ్రీ స్పిరిట్, మాంట్‌గోమరీ వార్డ్‌లో హాథార్న్, ఇలా ఫ్రిజ్జులూ చొక్కాలూ అమ్మే దుకాణాల్లోనే సైకిలూ అమ్మేవారు. పేరు దుకాణానిది, తయారీ వేరేవాళ్లది. టెనెసీ లారెన్స్‌బర్గ్‌లో మర్రే, ఒహాయో సెలైనాలో హఫీ చేసేవి. సియర్స్ బండ్లలో కొన్ని ఆస్ట్రియాలోని పుఖ్ (Puch) ఫ్యాక్టరీ నుంచి కూడా వచ్చాయి. ఇప్పుడు ఇవి గ్యారేజ్ సేళ్లలో, సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో కారు చౌకగా దొరుకుతాయి. ఎంఎస్‌కి వెళ్లిన మన పిల్లలు క్యాంపస్‌లో తిరగడానికి ముందు చూసేవీ ఇవే.

కొనే ముందు ఒక్కచోట మాత్రం వేలితో తడిమి చూడండి. హ్యాండిల్ కింది గొట్టం నుంచి పెడల్స్ వైపు దిగే గొట్టం ఉంటుంది కదా, దాని మొదట్లో అడుగు భాగం. అక్కడ పెయింట్ ముడతలు పడి ఉంటే బండి ఎప్పుడో దేన్నో గుద్దింది. అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు.

ఈ టెన్ స్పీడ్, అంటే పది గేర్ల బండి బరువు 16 నుంచి 18 కిలోలు. ఫ్రేము మామూలు ఇనుము, పెడల్స్‌ని మోసే క్రాంకు ఇనుము, రిమ్ములు ఇనుము. దీన్ని తేలిక చేయాలని మొదలుపెడితే ఖర్చుకి అంతుండదు, ఎంత పెట్టినా ఫ్రేము బరువు ఫ్రేముకి ఉంటుంది. ఖర్చు పెట్టాల్సింది ఆగడం మీద. క్రోమ్ పూసిన ఇనుప రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు దాని మీద సబ్బులా జారుతుంది. వానలో బ్రేకు నొక్కాక చక్రం కొన్ని చుట్లు తిరిగి నీళ్లు తుడుచుకుంటే గానీ పట్టు రాదు. ఈలోగా సిగ్నల్ దాటిపోతుంది.

అందుకే మొదటి ఖర్చు అల్యూమినియం రిమ్ముల చక్రాలు. 27 × 1¼ అని టైరు మీద ఉంటే టైరు కూర్చునే వ్యాసం 630 మిల్లీమీటర్లు. ఇక్కడొక హెచ్చరిక: మన ఊళ్లలోని 28 × 1½ టైరుది 635. చూడ్డానికి ఒకేలా ఉంటుంది గానీ నప్పదు, ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకోకండి. ఇప్పటి సైకిళ్లకి మామూలుగా వచ్చే 700సి చక్రం 622. అది వేస్తే వ్యాసార్థంలో 4 మిల్లీమీటర్ల తేడా వస్తుంది కాబట్టి బ్రేకు రబ్బర్లు అంత కిందికి దిగాలి. బ్రేకు చేతిలోని గాడిలో రబ్బరు కింద 4 మిల్లీమీటర్ల చోటు మిగిలి ఉంటే 700సికే వెళ్లండి, టైర్ల ఎంపిక చాలా ఎక్కువ. లేకపోతే పొడవు చేతుల బ్రేకు వెతకాలి. టెక్ట్రో ఆర్559 వంటిది 55 నుంచి 73 మిల్లీమీటర్ల వరకు అందుతుంది.

కొత్త చక్రం తెచ్చాక ఎదురయ్యే తంటాలు రెండు. పాత ఫోర్కు గాడి 8 మిల్లీమీటర్ల ఇరుసుకి చేసింది, కొత్త ముందు ఇరుసు 9. ఆకురాయితో గాడి వెడల్పుని ఒక మిల్లీమీటరు పెంచాలి. వెడల్పే, లోతు కాదు. ఒక వైపు లోతు ఎక్కువ తీస్తే చక్రం ఫోర్కులో వాలి కూర్చుంటుంది, తర్వాత రిమ్ము బెండు ఎంత తీసినా అది సరికాదు. వెనుక ఐదు పళ్లచక్రాల ఫ్రేము వెడల్పు 120 మిల్లీమీటర్లు, ఆరు-ఏడు స్పీడ్ల హబ్బుది (చక్రం మధ్యలో ఇరుసు ఉండే భాగం) 126. ఇనుప ఫ్రేము కాబట్టి ఆ 6 మిల్లీమీటర్లు చేత్తో లాగి దూర్చేయొచ్చు.

చక్రాలకు డబ్బు లేదా? ఇనుప రిమ్ములే ఉంచి బ్రేకు రబ్బర్లు మార్చండి. కూల్-స్టాప్ వాళ్ల నారింజ-గులాబీ రంగు రబ్బర్లు తడి ఇనుము మీద నల్లవాటి కంటే బాగా పడతాయి. పాత ఇనుప రిమ్ముకి టైరు అంచుని పట్టుకునే కొక్కెం ఉండదు, 70 పీఎస్ఐ మించి గాలి కొడితే టైరు ఎగిరి బయటికి వస్తుంది. టైరు మీద 90 అని రాసి ఉన్నా సరే. హ్యాండిల్ పైభాగంలో చేతికి అందే అదనపు బ్రేకు లివర్లు ఉంటే తీసేయండి. అవి లివరు కదలికలో కొంత తినేస్తాయి. తీశాక పక్కకి పొడుచుకొచ్చే పిన్నుని కూడా రంపంతో కోసేయాలి, లేకుంటే అది అరచేతిని గీస్తుంది.

అసలు మజా క్రాంకు దగ్గర ఉంది. కుడి చేయి, ఇరుసు, ఎడమ చేయి అన్నీ వంచిన ఒకే కడ్డీ. అనుభవం లేనివాళ్లు ఎడమ వైపు నట్టుని అపసవ్యంగా తిప్పి తిప్పి పానాయే జారగొట్టుకుంటారు. ఎడమ పెడల్, లాక్‌నట్, బేరింగు గుండ్లని నొక్కిపట్టే లోపలి కోను మూడింటికీ ఎడమ మరలే, మూడూ గడియారం ముల్లు తిరిగే వైపుకే వదులవుతాయి. వరుస ఇది: ఎడమ పెడల్ విప్పి, లాక్‌నట్, పంటి వాషరు తీసి, కోను గాడిలో స్క్రూడ్రైవర్ మొన పెట్టి తట్టి తిప్పి, గుండ్ల కేజ్ తీసి, కడ్డీని కుడి వైపుకి వాల్చి బయటికి లాగాలి. ఏళ్ల తరబడి నిలిచిన గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది. కిరసనాయిల్‌లో కడిగి కొత్త గ్రీజు కూరండి. కేజ్ ఏ ముఖం లోపలికి ఉందో విప్పేటప్పుడే చూసుకోవాలి, తిరగేసి పెడితే రేకు రాసుకుని కరకరమంటుంది. కోనుని ఊగులాట పోయేదాకా బిగించి, క్రాంకు తనంతట తాను తిరిగేంత వదలండి.

కొత్త పెడల్స్ కొనేటప్పుడు ½ అంగుళం మరవి అడగండి, షాపులో ఎదురుగా వేలాడేవన్నీ 9/16. హ్యాండిల్‌ని పట్టుకుని ఫోర్కులోకి దిగే స్టెమ్ కూడా ఇలాంటి మాయే. అమెరికన్ చౌక బండ్లలో చాలావాటికి 21.1 మిల్లీమీటర్లు, మిగతా చోట్ల ఎక్కువగా 22.2. పెద్దదాన్ని అరగదీసి దూర్చేవాళ్లున్నారు. వెర్నియర్‌తో కొలిచి సరైనదే కొనడం మేలు.

గేర్ల మీద ఎక్కువ ఆలోచించొద్దు. ముందు 52-39, వెనుక 14-28 పళ్లున్న బండి పెడల్ ఒక చుట్టుకి గరిష్ఠంగా 8 మీటర్లు, కనిష్ఠంగా 3 మీటర్లు సాగుతుంది. ఊళ్లో అది చాలు. చైనుని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి మార్చే పాత డెరైలర్ విరిగితే కొక్కెం పట్టీతో వచ్చే షిమానో టోర్నీ తెచ్చి, స్టెమ్ మీది పాత లివర్లతోనే లాగండి. వాటికి క్లిక్కులు లేవు కాబట్టి దేనితోనైనా పనిచేస్తాయి.

ఇంత చేశాక తొక్కితే ఎలా ఉంటుంది? బద్ధకంగా కదులుతుంది. పుంజుకున్నాక మాత్రం 32 మిల్లీమీటర్ల టైర్ల మీద గతుకుల్ని మింగుతూ చేతులు వదిలేసినా నిటారుగా పోతుంది. నిలబడి తొక్కితే ఫ్రేము అడుగు ఊగి చైను ముందు డెరైలర్‌కి రాసుకుంటుంది, కూర్చునే తొక్కండి. చక్రాలతో కలిపి ఖర్చు 150 డాలర్లు దాటేలా ఉంటే నా మాట వేరు: ఆ డబ్బుకి పాత జపాన్ క్రోమోలీ (తేలికైన ఉక్కు) ఫ్రేము బండి వెతకండి.

మొదటి 50 కిలోమీటర్ల తర్వాత ఇరుసు నట్లు, హ్యాండిల్ తిరిగే చోటి బేరింగు (హెడ్‌సెట్), క్రాంకు లాక్‌నట్ మళ్లీ బిగించాలి. బిగించిన ప్రతిసారీ ఆ ఎడమ లాక్‌నట్టే వదులవుతుంటే తప్పు నట్టుది కాదు, దాని వెనకున్న వాషరు పన్ను అరిగింది. అదొక్కటి మారిస్తే చాలు.