ఆరో నెలలో నూరెంబర్గ్ క్రిస్మస్ సంత

జర్మనీలో క్రిస్మస్ ఒక్కరోజు పండుగ కాదు. దానికి ముందు వచ్చే నాలుగు ఆదివారాల అడ్వెంట్ కాలమంతా ఊరూరా సంతలు సాగుతాయి, వాటిలో అందరూ ముందుగా చెప్పే పేరు నూరెంబర్గ్‌లోని క్రిస్ట్‌కిండ్లెస్‌మార్క్ట్. మ్యూనిక్‌లో కాపురం పెట్టినప్పటి నుంచి చూడాలనుకుంటూ ఏదో ఒక కారణంతో వాయిదా వేసిన ఆ సంతకు, చివరికి నేను ఆరో నెల గర్భిణిగా ఉన్నప్పుడు బయలుదేరాము. "కడుపుతో ఉన్నదానివి, ఆ చలిలో, ఆ జనంలో ఏం చూస్తావే?" అని అమ్మ ఫోనులో కోప్పడింది. డాక్టరు మాత్రం ఏ ఇబ్బందీ లేని గర్భానికి ప్రయాణం చేయడానికి అనువైన నెలలు ఇవేనని చెప్పారు. వాంతులు తగ్గి ఉంటాయి, పొట్ట ఇంకా నడకకు అడ్డు వచ్చేంత పెరిగి ఉండదు. ఇక్కడ గర్భిణులకు నాలుగో నెల నుంచి ఇవ్వాలని సిఫారసు చేసే ఫ్లూ టీకా నేను అప్పటికే వేయించుకున్నాను. రక్తవర్గం, పరీక్షల ఫలితాలు, కాన్పు తేదీ అంచనా అన్నీ రాసి ఉండే ముట్టర్‌పాస్ అనే చిన్న పుస్తకాన్ని మాత్రం చేతిసంచిలో పైకే పెట్టుకున్నాను, ఎందుకంటే పరాయి ఊరిలో ఏదైనా అవసరం పడితే డాక్టర్లు మొదట అడిగేది అదే.

శని, ఆదివారాల్లో అక్కడ జనం మధ్య అడుగు వేయడం కూడా కష్టమని తెలిసి, పనిరోజు ఉదయాన్నే రైలెక్కాము. ఇంగోల్‌స్టాట్ మీదుగా వెళ్లే వేగవంతమైన రైలులో ప్రయాణం గంటకు కొంచెం ఎక్కువే. అంత చిన్న ప్రయాణమైనా నడవ పక్క సీటే తీసుకున్నాను. గర్భంతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది కనుక కదలకుండా కూర్చోవడం మంచిది కాదు, పైగా మరుగుదొడ్డికి మాటిమాటికీ లేవక తప్పదు.

బట్టల విషయంలో మావారికీ నాకూ పొద్దున్నే వాదన జరిగింది. సున్నా దగ్గర ఉన్న చలికి ఆయన నాకు కనపడిన ఉన్నిబట్టలన్నీ తొడగాలని చూశారు. గర్భిణి శరీరంలో రక్తం పరిమాణం దాదాపు సగం వరకు పెరుగుతుంది, అందువల్ల మిగతావాళ్లు వణుకుతున్నప్పుడు కూడా ఆమెకు ఉక్కగా ఉండవచ్చు. ఒక మందపాటి చొక్కా కంటే విప్పడానికి, వేసుకోవడానికి వీలైన పలుచని పొరలు మేలని చివరికి ఆయనను ఒప్పించి, నా కోటు బొత్తాలు ఎలాగూ కలవవు కాబట్టి ఆయన పాత కోటునే వేసుకున్నాను. చెప్పుల విషయంలో మాత్రం నేనే పట్టుబట్టాను. పాత నగరం వీధులన్నీ రాళ్లు పరిచినవి. కీళ్లను పట్టి ఉంచే బంధనాలు సడలి, ఒంటి బరువు ముందుకు వాలే ఈ నెలల్లో జారని అడుగున్న బూట్లకు మించిన అవసరం లేదు.

స్టేషన్ నుంచి సంత జరిగే హౌప్ట్‌మార్క్ట్‌కు నడక దూరం ఒక కిలోమీటరుకు అటూ ఇటూ. దారి మధ్యలో వచ్చే సెయింట్ లోరెంజ్ చర్చిలోకి నిజానికి కూర్చోవడానికి చోటు ఉంటుందనే వెళ్లాము. లోపల పైకప్పు నుంచి వేలాడుతున్న భారీ శిల్పం చూశాక, వచ్చిన పని మరిచిపోయాను. మరియకు గర్భవార్త చెప్పడానికి దేవదూత గాబ్రియేల్ వచ్చిన ఘట్టాన్ని ఫైట్ ష్టోస్ అనే శిల్పి 1517-18లో లిండెన్ చెక్కతో మలిచాడు. చుట్టూ గులాబీల వలయం, మధ్యలో ఇద్దరూ మనిషి పరిమాణాన్ని మించిన మూర్తులు. 1817లో ఇది కిందపడి ముక్కలైతే తిరిగి అతికించారట. కింద నుంచి చూస్తే ఆ ఆనవాలేదీ నా కంటికి కనిపించలేదు. కళాచరిత్ర తెలిసినవారు అందులో ఏమేమి చూస్తారో కానీ, నేను చూసింది మరియ ముఖం. అందులో సంతోషం కంటే ముందు ఆశ్చర్యం కనిపించింది, ఆ వరుస నాకు బాగా తెలిసినదే. ఈ ఊరిలో గర్భిణి చూడవలసినదేమిటని ఎవరైనా అడిగితే సంత కంటే ముందు దీని పేరే చెబుతాను.

సంతకు చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది. చెక్కతో కట్టి, ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పిన దుకాణాలు వరుసలు తీరి ఉన్నాయి. ఈ సంత గురించిన తొలి ఆధారం 1628 నాటి ఒక చిన్న చెక్కపెట్టె మీది రాత. ఆ పెట్టె ఇదే ఊరిలోని జర్మన్ జాతీయ మ్యూజియంలో ఉంది. సంతను ప్రారంభించే క్రిస్ట్‌కిండ్‌గా (క్రీస్తు శిశువు అని ఆ మాటకు అర్థం) రెండేళ్లకొకసారి 16 నుంచి 19 ఏళ్ల లోపు అమ్మాయిని ఎన్నుకుంటారు. ఫ్రావెన్‌కిర్ష చర్చి పైనున్న వరండాలో నిలబడి స్వాగత కవిత చెప్పాలి కనుక ఆమెకు ఎత్తంటే కళ్లు తిరగకూడదనేది ఒక షరతు. ఆ లెక్కన నాలాంటి దానికి ఆ అర్హత ఏ వయసులోనూ ఉండేది కాదు. అదే చర్చి గోడ మీద 1509 నాటి గడియారం ఉంది. రోజూ మధ్యాహ్నం 12 గంటలకు చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురు ప్రభువుల బొమ్మలు చక్రవర్తి బొమ్మ చుట్టూ తిరుగుతాయి. దాన్ని చూడడానికి జనం ఒక్కసారిగా ముందుకు తోసుకువస్తారు. మేము చౌకానికి దూరంగా, ఒక దుకాణం గోడకు వీపు ఆనించి నిలబడి చూశాము. గుంపులో పొట్టకు మోచేతులు తగలకుండా కాపాడుకోవడం ఒక్కటే ఆ రోజు నాకు నిజమైన బెంగ.

తిండి, పానీయాల దగ్గర అందరూ ఊహించినంత నిషేధమేమీ నాకు ఎదురుకాలేదు. సంతంతా గ్లూవైన్ వాసనే. దాల్చినచెక్క, లవంగం, నారింజతొక్క వేసి వేడి చేసిన ద్రాక్షసారా అది. "వేడి చేశాక ఆల్కహాల్ ఎగిరిపోతుంది కదా" అని పక్కనే నిలబడిన ఒక పెద్దావిడ ధైర్యం చెప్పారు కానీ, ఎగిరిపోకూడదనే దాన్ని మరగనివ్వరు. ఐరోపా నిబంధనల ప్రకారం ఆ పేరుతో అమ్మేదానిలో కనీసం 7 శాతం ఆల్కహాల్ ఉండాలి. అవే సుగంధద్రవ్యాలతో పండ్లరసం కాచి చేసే కిండర్‌పున్ష్ దాదాపు ప్రతి సంతలోనూ దొరుకుతుంది. అదే బొమ్మలున్న కప్పులో, అదే ఆవిరితో ఇస్తారు, చేతులు కూడా అంతే వెచ్చబడతాయి. పెగ్నిట్స్ నది ఒడ్డున రమ్ముతో తడిపిన చక్కెరగడ్డను మండించి చేసే పానీయపు నీలిమంటను మాత్రం చూసి తృప్తిపడ్డాను. వేలంత పొడవుండే ఇక్కడి సాసేజిలను మూడేసి రొట్టెలో పెట్టి ఇస్తారు. నిప్పుల మీద లోపలిదాకా కాలుతున్నవి కళ్లముందే కనిపిస్తున్నాయి కనుక నిస్సంకోచంగా తిన్నాను. పచ్చిపాలతో చేసే చీజ్ దుకాణం ముందు మాత్రం ఆగలేదు. దానిలో ఉండగల లిస్టీరియా అనే బ్యాక్టీరియా తల్లికి మామూలు జ్వరంలా వచ్చి పోయినా బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. ష్టోలెన్ కేకులో ఎండుద్రాక్షను రమ్ములో నానబెడతారని విని, ముందే అడిగి తెలుసుకున్నాను. అలా అడిగితే దుకాణదారులెవరూ విసుక్కోలేదు. కోటు ముందుకు పొడుచుకొచ్చి ఉండడం చూసి ఇద్దరు ముగ్గురు తామే హెచ్చరించారు కూడా.

ఆ తరువాత పక్కనే ఉన్న హాన్స్ సాక్స్ చౌకంలోని పిల్లల సంతకు వెళ్లాము. రెండంతస్తుల రంగులరాట్నం, చిన్న రైలు, వాటి చుట్టూ తల్లుల సందడి. పెద్ద సంతలో దొరకని బల్ల ఇక్కడ దొరికింది, కాళ్లు చాపుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎక్కడి నుంచో ఇత్తడి వాద్యాల బృందం ఒక క్రిస్మస్ గీతం మొదలుపెట్టగానే లోపల బిడ్డ గట్టిగా కదిలింది. ఆరో నెల చివరికి బిడ్డకు బయటి శబ్దాలు వినిపించడం మొదలవుతుందని చదివాను. అయితే ఆ కదలిక పాటకో, అంతకుముందు తాగిన పానకంలోని చక్కెరకో నేను చెప్పలేను. మావారు మాత్రం పాటకేనని తీర్పు చెప్పేశారు.

ఇసుకరాతి గుట్ట మీద ఉన్న చక్రవర్తుల కోటను వదిలేశాము. ఎక్కలేక కాదు, మధ్యాహ్నం తరువాత పాదాలు వాచినట్టు అనిపించింది, డిసెంబరులో అక్కడ నాలుగుంపావుకల్లా సూర్యుడు దిగిపోతాడు, చీకటిలో తడిరాళ్ల మీద దిగడం నాకు ఇష్టం లేదు. దీపాలు వెలిగి సంత నిజంగా అందంగా మారే వేళకే జనం కూడా పెరిగారు. ఒక వీధి చివర నుంచి కాసేపు చూసి స్టేషన్ వైపు నడిచాము.

కొన్నది ఒక్కటే, ఎలీజెన్ లేబ్‌కూహెన్ డబ్బా. ఈ తేనె, మసాలాల బిస్కట్లలో కనీసం నాలుగోవంతు బాదం, హేజెల్ లేదా వాల్‌నట్ గింజలే ఉండాలి, పిండి పదోవంతు మించకూడదు, అందుకే అంత మెత్తగా ఉంటాయి. గర్భిణులకు 24 నుంచి 28 వారాల మధ్య చేసే చక్కెర పరీక్ష నాకు ఆ తరువాతి వారాల్లోనే ఉంది. అప్పటిదాకా డబ్బా మూత తెరవకూడదని డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంగోల్‌స్టాట్ దాటేలోపు ఇద్దరం చెరొకటి తినేశాము.