గుట్కా మరక కాదు, మా ఊరి నీళ్ల మరక: పళ్లు తెల్లగా చేయించుకున్న నా అనుభవం

పోయిన శనివారంతో నా పళ్ల పని పూర్తయింది. మొత్తం నాలుగు నెలలు. మొదటే సరైన డాక్టరు దగ్గరికి పోయి ఉంటే రెండున్నర నెలల్లో తేలిపోయేది, డబ్బూ మిగిలేది. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి పెళ్లిచూపులకు ముందో, ఇంటర్వ్యూకు ముందో ‘వైటెనింగ్’ అంటూ ఒంగోలు, నెల్లూరు బస్సెక్కేవాళ్ల కోసం ఇంత వివరంగా రాస్తున్నా. మందుల షాపులో కూర్చునేవాణ్ణి కాబట్టి ట్యూబు మీద శాతం చూడకుండా ఏదీ వాడే అలవాటు లేదు. ఆ శాతాలు కూడా రాస్తాను.

పళ్ల మీద మరకలన్నీ ఒకటి కావు. టీ, కాఫీ, వక్కాకు, బీడీ, ఐరన్ టానిక్కు, నెలల తరబడి పుక్కిలించే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్, ఇవన్నీ పైపైన పట్టే మరకలు. స్కేలింగ్ (పరికరంతో గార గీకి తీయడం), పాలిషింగ్ చేస్తే పోతాయి. వీటికి బ్లీచింగ్, అంటే మందు పెట్టి పన్ను రంగునే తెల్లబరచడం, చేయించుకుంటే డబ్బు దండగ. వయసుతో వచ్చే పసుపు బ్లీచింగ్‌కు బాగా లొంగుతుంది. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ మందులు వాడితే వచ్చే బూడిదరంగు చారలు మొండివి, నెలల తరబడి రాత్రిళ్లు జెల్ పెట్టుకోవాలి. రూట్ కెనాల్ అయిన ఒక్క పన్ను నల్లబడితే దానికి లోపలి నుంచి మందు పెడతారు, అది వేరే పని. కట్టించుకున్న క్యాపులు, పంటిరంగు ఫిల్లింగులు మాత్రం ఏం చేసినా తెల్లబడవు. చుట్టూ పళ్లు తెల్లబడి అవి పాత రంగులో మిగిలిపోతాయి.

ఇక మాది ఫ్లోరోసిస్, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ల వల్ల పళ్లకు వచ్చే జబ్బు. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని లెక్క. అంతకు మించిన నీళ్లు ఎనిమిదేళ్లలోపు పిల్లలు తాగుతూ ఉంటే, చిగురు లోపల తయారవుతున్న ఎనామిల్ (పంటి మీది గట్టి కవచం) సరిగ్గా గట్టిపడదు. పైపొర బాగానే ఉంటుంది, దాని కింద కంటికి కనపడనంత సన్నటి సందులు మిగిలిపోతాయి. పన్ను బయటికొచ్చాక సున్నపు మచ్చలా కనపడేది అదే. ఆ సందుల్లోకి ఏళ్ల తరబడి రంగు దిగి గోధుమరంగుకు తిరుగుతుంది. మన దేశంలో వైద్యులు ఈ జబ్బు గురించి మొదట రాసింది మా ప్రాంతం మీదే. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగుల గురించి ప్రచురించారు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరులోనే ఉండేవి.

ఇంత పాత సంగతి తెలియని పళ్ల డాక్టరు ఈ చుట్టుపక్కల ఉంటాడనుకోలేదు. ఉన్నాడు. ఏ ఊరో, ఏ క్లినిక్కో రాయను. కుర్చీలో కూర్చోబెట్టి, నోట్లో అద్దం పెట్టి, అడిగిన మొదటి మాట ఇది:

“గుట్కా ఎన్నేళ్ల నుంచి?”

“నేను వేయనండీ. మాది కనిగిరి పక్కన. చిన్నప్పట్నించీ ఇట్నే ఉన్నయ్.”

“అందరూ అట్నే చెప్తార్లేవయ్యా. పొగాకు లేకుండా ఇంత రంగు యాడ నుంచి వస్తది?”

తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద నలుగురున్నారు, అందులో ఒకాయన మా షాపుకు రోజూ వచ్చే మనిషి. అసిస్టెంటు అమ్మాయి కేసు షీటులో ‘పొగాకు అలవాటు: ఉంది’ అని రాసింది. కొట్టేయమన్నాను. ఆ అమ్మాయి డాక్టరు వైపు చూసింది, ఆయన తల కూడా ఎత్తలేదు. వక్కపలుకు కూడా నోట్లో వేసుకోని మనిషిని నేను. ఆ కాగితం మీద ఆ మాట ఇప్పటికీ అట్లాగే ఉంది. మా వైపు ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎందుకు నవ్వుతారో ఆ బెంచీ ముందు నుంచి బయటికి నడిచినప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. మేం చేసిన తప్పు ఏదీ లేదు. మా ఊరి బోరునీళ్లు తాగి పెరిగాం, అంతే.

తేడా కనిపెట్టడం కష్టమా అంటే కాదు. అద్దం ముందు నిలబడి మీరే చూసుకోవచ్చు. పొగాకు మరక చిగురు అంచునా, పంటికీ పంటికీ మధ్యా, కింది పళ్ల లోపలివైపూ పేరుకుంటుంది, పరికరంతో గీకితే రాలుతుంది. ఫ్లోరోసిస్ మచ్చ జతలుగా వస్తుంది: కుడి ముందుపన్ను మీద ఎక్కడ ఉందో ఎడమదాని మీద కూడా దాదాపు అక్కడే ఉంటుంది. అడ్డంగా సన్నటి గీతలుంటాయి. మచ్చకు అంచు తెగినట్టు ఉండదు, మబ్బులా కలిసిపోతుంది. గోరుతో గీకితే నున్నగా ఉంటుంది, ఏమీ రాదు. అసలు ఇవేవీ చూడకపోయినా ‘మీది ఏ ఊరు?’ అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

అప్పుడే లేచి వచ్చేయాల్సింది. రానందుకు తొమ్మిది వేలు కట్టాను. వాళ్లు చేసిన తప్పులు ఇవి.

స్కేలింగ్ చేసిన రోజే బ్లీచింగ్ కూడా చేశారు. స్కేలింగ్ అయ్యాక చిగురు రేగి, రక్తం వస్తూ ఉంటుంది. దాని మీదికి మందు పోతే కాలుతుంది. కనీసం వారం, వీలైతే రెండు వారాలు ఆగాలి. పుచ్చుపళ్లుంటే ముందు తాత్కాలికంగానైనా పూడ్చాలి, లేదంటే మందు నేరుగా నరం దాకా దిగుతుంది.

రెండోది, చిగురుకు వేసే రక్షణ. కుర్చీలో చేసే బ్లీచింగ్‌లో వాడేది 40 శాతం దాకా ఉండే హైడ్రోజన్ పెరాక్సైడ్. షాపులో గాయాలు కడగడానికి అమ్మే సీసాలో ఉండేది 3 శాతం, 6 శాతం. పోల్చుకోండి. అందుకే చిగురు అంచు వెంట రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి పేస్టు కట్టలాగా పూసి, లైటుతో గట్టిపరుస్తారు. ఆ కట్ట పన్ను మీదికి అర మిల్లీమీటరు ఎక్కాలి, ఎక్కడా సందు ఉండకూడదు. నాకు కోరపన్ను దగ్గర సందు వదిలేశారు. రెండో రౌండులో అక్కడ చురుక్కుమంది. చెయ్యి ఎత్తితే ‘కొంచెం ఓర్చుకోండి’ అన్నారు. జెల్ తీశాక చూస్తే చిగురు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అది ఒకటి రెండు రోజుల్లో దానంతటదే మానింది. కానీ గుర్తుంచుకోండి: పంటిలో జివ్వుమంటే ఓర్చుకోవచ్చు, చిగురు మండితే ఓర్చుకోకూడదు. అప్పటికప్పుడు జెల్ పీల్చేయించి, నీళ్లతో కడిగించి, కట్ట మళ్లీ వేయించుకోవాలి.

మూడోది నీలం లైటు. దాన్నే పెద్ద గొప్పగా చెప్పారు. పని చేసేది మందే, లైటు వల్ల నాలుగు రోజులు నిలిచే లాభం పెద్దగా లేదు. దాని వేడికి పన్ను ఎండి జివ్వుమనడం మాత్రం పెరుగుతుంది.

నాలుగోది రంగు కొలత. షేడ్ గైడ్ అని ఒక పలక ఉంటుంది, పదహారు చిన్న పళ్లు వరసగా గుచ్చి ఉంటాయి. అన్నింటిలోకీ తెల్లనిది బీ1, ముదురుది సీ4. ముందు కొలిచినప్పుడు నాది ఏ3.5, ముదురు వైపుది. ఇరవై నిమిషాలవి మూడు రౌండ్లు అయ్యాక, దూది తీసిన వెంటనే మళ్లీ పలక పెట్టి ‘బీ1 వచ్చింది’ అని ఫొటో తీశారు. గంటకు పైగా నోరు తెరిచి ఉంచితే ఏ పన్నైనా ఎండి, ఉన్నదానికన్నా తెల్లగా కనపడుతుంది. నీరు పట్టాక వెనక్కి తగ్గుతుంది. అసలు రంగు తేలేది రెండు వారాలకు. ఆ రోజు ఫొటో చూసి సంతోషపడకండి, రెండు వారాల తర్వాత పగటి వెలుతురులో మళ్లీ కొలవమనండి.

ఆ రాత్రి పళ్లల్లో కరెంటు షాకు లాంటి పోట్లు వచ్చాయి. ఒకటి రెండు రోజులు ఉండటం మామూలే. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు రెండు వారాల ముందు నుంచే వాడితే చాలా తగ్గుతుంది. ఆ మాట ఎవరూ చెప్పలేదు, నా షాపు అరలోనే ఉన్న పేస్టు అది.

పోటు కన్నా బాధపెట్టింది పొద్దున అద్దంలో కనపడింది. గోధుమరంగు కొంత తగ్గింది, కానీ తెల్లమచ్చలు ముందుకన్నా కొట్టొచ్చినట్టు, సుద్దముక్క రుద్దినట్టు మెరుస్తున్నాయి. కారణం చెబితే అర్థమయ్యేదే. సందులున్న ఎనామిల్ మిగతాదానికన్నా ఎక్కువ ఎండుతుంది. రెండు వారాల్లో కొంత సర్దుకుంటుంది, పూర్తిగా పోదు. బ్లీచింగ్ గోధుమరంగును తీస్తుంది, తెల్లమచ్చను తీయలేదు. చుట్టూ ఉన్న పన్నును తెల్లబరచి, ఆ మచ్చను తక్కువ కనపడేట్టు చేయగలదు, అంతే. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లకు ఇది ముందే చెప్పి తీరాలి. ఫోన్ చేస్తే ‘గుట్కా మానేశారా?’ అని అడిగారు. ఆ తర్వాత నేను మళ్లీ ఫోన్ చేయలేదు.

రెండో డాక్టరును నెల్లూరులో పట్టుకున్నాను. వెతికేటప్పుడు పళ్ల డాక్టర్ల పీజీ అయిన ఎండీఎస్‌లో కన్సర్వేటివ్ డెంటిస్ట్రీ చదివినవాళ్లను అడగండి, ఈ మచ్చల పని వాళ్లది. డెంటల్ కాలేజీలో అయితే అదే పేరుతో విభాగం ఉంటుంది. ఆమె నోరు చూసిన నిమిషంలోనే “కనిగిరా, ఉదయగిరా?” అని అడిగింది. నాకు ఆ ప్రశ్నతోనే సగం బాధ తీరింది.

ఆమె చెప్పిన వరస: ముందు ఇంట్లో ట్రేలతో నెమ్మదిగా బ్లీచింగ్, తర్వాత రెండు వారాలు ఆగడం, తర్వాత మిగిలిన మచ్చల మీద పని.

ట్రేకు పళ్ల అచ్చు తీసి, పల్చటి మెత్తటి ప్లాస్టిక్ షీటును దాని మీద వేడిచేసి లాగుతారు. చిగురు అంచు ప్రకారం కత్తిరించాలి. పెట్టుకుంటే కదలకూడదు. జెల్ 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్. అది హైడ్రోజన్ పెరాక్సైడ్ లెక్కలో దాదాపు 3.5 శాతమే. పన్నుకు బియ్యపుగింజంత చొప్పున, ట్రే ముందువైపు గోడకు పెట్టాలి. ఎక్కువ పెడితే తెలుపు ఎక్కువ రాదు, చిగురు మీదికి పొర్లుతుంది. పొర్లింది వేలితో తుడిచేయాలి. మందు బలం మొదటి రెండు గంటల్లో దాదాపు సగం ఖర్చవుతుంది, అయినా రాత్రంతా ఉంచుకోవచ్చు. మామూలు పసుపుకు రెండు వారాలు చాలు, నాకు ఆరు వారాలు పట్టింది. జివ్వుమన్న రోజు ఆపి, అదే ట్రేలో పొటాషియం నైట్రేట్ పేస్టు అరగంట పెట్టుకున్నాను. జెల్ ఫ్రిజ్‌లో ఉంచాలి. అచ్చు, ట్రేలు, జెల్ అన్నీ కలిపి ఆరు వేలు.

తిండి దగ్గర ఒక్కటే సూత్రం: తెల్లచొక్కా మీద పడితే మరకయ్యేది తినొద్దు. కుర్చీలో చేయించుకుంటే రెండు రోజులు పెరుగన్నం, ఇడ్లీ, పాలు. పసుపు వేసిన పప్పు, చేపలపులుసు, టీ అన్నీ ఆపాలి. నెల్లూరులో ఉండి చేపలపులుసు ఆపడం కష్టమే, ఆపండి.

బ్లీచింగ్ తర్వాత రెండు వారాలు ఎందుకు ఆగాలంటే, పంటిలో మిగిలిన ఆక్సిజన్ రెసిన్‌ను గట్టిపడనివ్వదు. ముందుపళ్ల ఫిల్లింగ్ మార్చాలన్నా ఇదే లెక్క. తొందరపెట్టి అదే వారంలో చేయించుకుంటే ఊడిపోతుంది.

ఆ తర్వాత రెండు పనులు. గోధుమ ఛాయ మిగిలిన రెండు పళ్లకు మైక్రోఅబ్రేజన్: 6.6 శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో సన్నటి సిలికాన్ కార్బైడ్ పొడి కలిపిన పేస్టు, రబ్బరు కప్పుతో నిమిషం నెమ్మదిగా రుద్ది కడిగి చూడటం. నాకు ఐదుసార్లు చేశారు. ప్రతిసారీ కాస్త ఎనామిల్ పోతుంది కాబట్టి ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లే చేయాలి. వీధిసందుల్లో, తిరునాళ్లలో ‘ఆసిడ్‌తో పళ్లు కడుగుతాం’ అనేవాళ్ల చేతిలో నోరు పెట్టకండి.

తెల్లమచ్చలున్న నాలుగు పళ్లకు రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్. అంటే మచ్చలోని సందుల్లోకి పల్చటి రెసిన్ ఇంకించి నింపడం. మత్తు సూది లేదు, డ్రిల్లు లేదు. పళ్లు మాత్రమే బయటికి ఉండేట్టు రబ్బరు డ్యామ్ అనే పల్చటి రబ్బరు తెర కట్టి, 15 శాతం ఆసిడ్ జెల్ రెండు నిమిషాలు ఉంచి, కడిగి ఆరబెట్టారు. మచ్చ ఇంకా తెల్లబడింది. తర్వాత ఆల్కహాల్ చుక్క వేసి “ఇప్పుడు చూడండి” అని చిన్న అద్దం చేతికిచ్చారు. తడిగుడ్డ మీద నీటిచుక్క ఇంకిపోయినట్టు ఆ మచ్చ నా కళ్లముందే పన్నులో కలిసిపోయింది. అరనిమిషంలో ఆల్కహాల్ ఆరగానే మళ్లీ తేలింది. రెసిన్ నింపితే ఎట్లా ఉంటుందో చూపించే పరీక్ష అది. ఆల్కహాల్ వేసినా మచ్చ మాయం కాకపోతే ఆసిడ్ మరోసారి పెట్టాలి. నాకు ఒక పన్నుకు మూడుసార్లు పట్టింది. ఆ తర్వాత రెసిన్ మూడు నిమిషాలు ఇంకనిచ్చి, నలభై సెకన్లు లైటు. ఇంకోసారి ఒక నిమిషం, మళ్లీ లైటు, పాలిష్. పన్నుకు రెండున్నర వేలు. గుంటలు పడి, పెచ్చులూడిన పళ్లకు ఇది చాలదు, వాటికి ఫిల్లింగో, వెనీరో (పన్ను ముందువైపు అంటించే పల్చటి రేకు) కావాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇవన్నీ తర్వాతకు వాయిదా వేసుకోవాలి. పద్దెనిమిది నిండని పిల్లలకు బ్లీచింగ్ తొందర వద్దు. వాళ్లకు చేయాల్సింది నీళ్ల సంగతి. మా వైపు ఇంకా ‘కాచి తాగిస్తున్నాం కదా’ అంటారు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో ఫిల్టరు తీస్తుంది. తాగడానికే కాదు, ఎనిమిదేళ్లలోపు పిల్లలుంటే అన్నం, పప్పు కూడా ఆ నీళ్లతోనే వండండి. రోజూ రెండు బిందెలు మోయాల్సి వచ్చినా సరే.

నా రంగు ఇప్పుడు ఏ1, పలకలో బీ1 పక్కదే. ట్రేలు పారేయలేదు. ఏడాదికి ఒకసారి రెండు మూడు రాత్రులు జెల్ పెట్టుకుంటే చాలన్నారు. వాటిని చల్లటి నీళ్లతోనే కడగాలి, వేడినీళ్లు తగిలితే వంకర పోయి మళ్లీ అచ్చు తీయాల్సి వస్తుంది.