మామ్మ చీటీ

పొద్దున అయిదున్నరకే లేచి మేడ మీదకెళ్లాను, చేతిలో ముప్ఫై చీటీలతో. విదేశాల్లో పై చదువులకి రాసే జీఆర్ఈ పరీక్షకి ఇంకా నలభై రోజులుంది. రోజుకి ముప్ఫై ఇంగ్లీషు మాటలు చొప్పున అంటే లెక్క బాగానే ఉంటుంది. నిన్నటి ముప్ఫైలో ఈ పొద్దుటికి బుర్రలో మిగిలినవి తొమ్మిది.

విశాఖలో మా ఎంవీపీ కాలనీ మేడ మీంచి సముద్రం కనబడదు గానీ ఉప్పుగాలి మాత్రం కొడుతుంది. చీటీలు ఎగిరిపోకుండా బట్టల క్లిప్పు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి మాట ఫ్లెగ్మాటిక్. దేనికీ చలించని నిదానపు మనిషి అని అర్థం. పదిసార్లు చదివినా ఎక్కలేదు. మామ్మ తులసమ్మకి నీళ్లు పోయడానికి పైకొచ్చి "ఏటే, నీలో నువ్వే గొణుక్కుంటన్నావు?" అంది.

ఇది కఫం నుంచి పుట్టిన మాట మామ్మా అన్నాను. పూర్వం యూరప్ వైద్యులు ఒంట్లో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగుంటాయని, ఏది ఎక్కువైతే మనిషికి ఆ స్వభావం వస్తుందని నమ్మేవారట. వాతం, పిత్తం, కఫం అంటూ పెరిగిన మామ్మకి ఇదేం వింత? "మీ తాతది కఫం ఒళ్లే. పక్కిల్లు అంటుకుందని అరుస్తుంటే కాఫీ తాగి మరీ లేచేడు" అంది.

ఇక ఆ మాటని జన్మలో మర్చిపోను. చీటీ వెనక "తాత" అని రాశాను. రక్తం వాటాకి వచ్చింది శాంగ్విన్, అంటే అంతా మంచే జరుగుతుందనుకునే రకం. అది నాన్న. ఏ అప్పయినా వచ్చే నెలకి తీరిపోతుందంటారు. నల్ల పిత్తంది మెలంకొలీ, అంటే దిగులు. దానికి ఇంట్లో ఎవరూ సరిపోలేదు, మాక్ టెస్ట్ మార్కులు వచ్చిన రోజు నేను తప్ప.

ఆ రోజు ఇవాళే అయింది. మధ్యాహ్నం ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని మాక్ టెస్ట్‌లో వెర్బల్, అంటే ఇంగ్లీషు భాగం, మొదటి సెక్షన్ చేశాను. పన్నెండు ప్రశ్నలు, పద్దెనిమిది నిమిషాలు. ఒక వాక్యంలో ఖాళీ, కింద ఆరు మాటలు. వాటిలో ఒకే అర్థం వచ్చేలా రెండు ఎంచుకోవాలి. ఒకటి తప్పయినా మార్కు సున్నా. గంటల తరబడి ఎండలో నిలబడ్డ జనం ఎలా తయారయ్యారని ప్రశ్న. ఫ్రాక్షస్, అంటే చిరాకెత్తినవాళ్లు, సరిగ్గానే పెట్టాను. రెస్టివ్‌ని మాత్రం, పేరులోనే రెస్ట్ ఉంది, వీళ్లకెక్కడి విశ్రాంతి అని వదిలేశాను. తీరా చూస్తే దానర్థం కుదురు లేకుండా చిరాకు పడుతుండటం! ఎనర్వేట్ కూడా ఇలాంటి దొంగే. ఎనర్జీకి చుట్టంలా కనబడి ఉన్న ఓపికంతా లాగేస్తుంది.

2009లో రాసిన మా పెదనాన్నగారి అబ్బాయికి ఫోన్ చేసి ఏడిస్తే, "మాకు వ్యతిరేకపదాలు కూడా ఉండేవే, 2011లో తీసేశారు, నీదేం కష్టం" అన్నాడు. 2023 నుంచి పరీక్ష రెండు గంటల లోపే అయిపోతోందని చెబితే ఇంకా కుళ్లుకుంటాడని చెప్పలేదు.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో, కురుసుర జలాంతర్గామి ఎదురుగా మురీ మిక్స్చర్, అదే మరమరాల మిక్స్చర్, తిన్నాం. నా ఫ్రెండ్ చీటీలు లాక్కుని "ఎఫిమరల్?" అంది. నోటికి రాలేదు. ఈలోగా పొట్లంలో మురీలు నిమ్మరసం పీల్చి మెత్తబడిపోయాయి. కరకరలాడింది రెండు నిమిషాలే. "ఇదిగో, ఇదే" అని పొట్లం చూపించింది. క్షణికం. చీటీకి ఉల్లిపాయ వాసన పట్టింది, ఉండనీ.

రాత్రి పెరట్లో పందికొక్కు చప్పుడు. ఇంగ్లీషువాళ్ల బ్యాండికూట్ మన పందికొక్కు నుంచే వెళ్లిందని చెబితే నాన్న ఎంత మురిసిపోయారో! పరీక్షలో అది రాదు, నా ఖర్మ.

పడుకునే ముందు లెక్క చూస్తే ఇవాళ్టివి పదిహేడు మిగిలాయి. మామ్మ పక్కకి చేరి "నన్నే మాట కింద రాసేవు?" అంది. రాసింది గార్యులస్ చీటీ మీద, అంటే వాగుడుకాయ. జ్ఞాని అని అర్థం వచ్చే మాట కింద రాశానని చెప్పాను. సంతోషించి, వాళ్ల పుట్టింటి మామిడితోట, పెళ్లినాడు దారిలో విరిగిన బండి ఇరుసు, ఆ ఇరుసు బాగుచేసినవాడి రెండో కూతురి కాన్పు దాకా పదకొండున్నరకి చెప్పి ముగించింది.

చీటీ మార్చలేదు.