తెల్ల కాగితం మీద తెల్ల గునుగు: నా అనుభవం

నేచర్ జర్నల్‌లో, అంటే చుట్టూ ప్రకృతిలో చూసినవి బొమ్మలు వేసి రాసుకునే పుస్తకంలో, ఈ చలికాలం మొక్కలన్నీ నీటి రంగుల్లో వేయాలనుకున్నాను. ఆఖరి పేజీ నిన్ననే పూర్తయింది. ఆ సంతోషం తగ్గకముందే రాస్తున్నాను.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే మందం) కాటన్‌దే కొనండి, మామూలు డ్రాయింగ్ బుక్ తడి తగలగానే ముడతలు పడుతుంది. హైదరాబాద్ కేబీఆర్ పార్కులో ఆకు రాల్చిన సీతాఫలం కొమ్మలు సన్న బ్రష్షుతో తేలిగ్గా వచ్చాయి. తంగేడు పసుపూ అంతే.

ఏడిపించింది గునుగు. బతుకమ్మకు కోయగా మా కాలనీ ఖాళీ ప్లాటులో మిగిలినవి డిసెంబరుకల్లా ఎండి, కింద వెండిలా తెల్లబడి, కొసన మాత్రం కాస్త గులాబీ రంగుతో నిలబడ్డాయి. తెల్ల కాగితం మీద ఆ తెలుపు ఎలా తేవాలి? వీకెండ్ క్లాసులో అడిగాను. సార్ నా పుస్తకం పైకెత్తి అందరికీ చూపించి, "పిచ్చి మొక్కకి ఇంత రంగు ఎందుకు మేడమ్, రోజాలు వేసుకోండి" అన్నారు. అందరూ నవ్వారు. తల ఎత్తలేకపోయాను. మనం తాంబాలంలో పేర్చి మొక్కే పువ్వు ఆయనకు పిచ్చి మొక్క! పైగా తెల్ల పోస్టర్ కలర్ పూయమన్నారు. అది పూస్తే సుద్ద రాసినట్టుంటుంది, కాగితం వెలుగు మొత్తం పోతుంది. పువ్వును చూడని వాళ్ల దగ్గర ఫీజు కట్టి నేర్చుకోకండి.

దారి ప్లాటులోనే దొరికింది. పొద్దున ఎండ ఏటవాలుగా పడుతుంటే పువ్వు వెనక గోడ నీడ నల్లగా ఉంది, అందుకే పువ్వు అంత తెల్లగా కనిపిస్తోంది. అంటే వేయాల్సింది పువ్వు కాదు, దాని వెనకున్న చీకటి. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ రంగు కలిపితే చక్కటి ముదురు బూడిద రంగు వస్తుంది. దాన్ని కంకి చుట్టూ పూసి, లోపల కాగితాన్ని అలాగే వదిలేశాను. అంచు మాత్రం గీతలా ఉండకూడదు, నూగు నూగుగా ఉండాలి. మన చలికాలం గాలి పొడిగా ఉంటుంది, రంగు చూస్తుండగానే ఆరిపోతుంది. అందుకని కొంచెం కొంచెం పూస్తూ, తడి ఆరకముందే శుభ్రమైన తడి బ్రష్షుతో అంచు మెత్తబరచాలి. కొస గులాబీ పూర్తిగా ఆరాకే వేయండి, లేదంటే బూడిదలోకి పాకుతుంది.

కంకి నలిపితే నల్లగా మెరిసే సన్న గింజలు రాలాయి. వాటినీ పక్కనే వేసి, తేదీ, చోటు రాశాను. ఇంత బాగా వచ్చిన పేజీ నా పుస్తకంలో ఇంకోటి లేదు. ఇక బూరుగు పూతకు రావాలి, ఆ ఎరుపు కోసం రంగులు సిద్ధం చేసుకుంటున్నాను.