గైడ్ కంపెనీ నడపడం: ప్రవేశ్ నుంచి ప్రథమ సోపాన్ దాకా నా అనుభవం

బడిలో గైడ్ కంపెనీ, అంటే స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో అమ్మాయిల దళం, పెట్టాలనుకునే టీచర్లు ముందు ఎనిమిదో తరగతి వైపు చూస్తారు, చెప్పింది త్వరగా పట్టుకుంటారని. నన్నడిగితే ఆరో తరగతితో మొదలుపెట్టండి. పదేళ్లు నిండితే చాలు. చేరేటప్పటి తొలి దశ ప్రవేశ్. అది అయ్యాక మెట్లు ఎక్కినట్టు ప్రథమ సోపాన్‌కు 6 నెలలు, ద్వితీయకు మరో 9, తృతీయకు ఇంకో 9 గడవాలి. రాష్ట్ర స్థాయి అవార్డు రాజ్య పురస్కార్ ఆ తర్వాతి మాట. ఎనిమిదిలో చేరిన అమ్మాయికి అదంతా సరిగ్గా పదో తరగతి పరీక్షల మీదకొచ్చి పడుతుంది.

కెప్టెన్‌గా, అంటే కంపెనీని నడిపే టీచరుగా, ఉండేవాళ్లు ముందు బేసిక్ కోర్సు అనే శిక్షణ చేసిరావాలి. తర్వాత పిల్లల్ని 6 నుంచి 8 మంది చొప్పున పెట్రోళ్లుగా (చిన్న జట్లుగా) విడదీసి, ఒక్కోదానికి ఒక పువ్వు పేరు పెట్టాలి. తరగతి ఫస్టు వచ్చే అమ్మాయినే లీడర్ని చేయడం మామూలే కానీ, తోటివాళ్లకు ఓపిగ్గా నేర్పే పిల్ల అయితే మీ పని సగం తగ్గుతుంది.

ప్రవేశ్‌లో ప్రతిజ్ఞ, నియమాలు, సెల్యూట్, ఎడమచేతి కరచాలనంతో పాటు ఉద్యమ చరిత్ర కూడా ఉంటుంది. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన అబ్బాయిల స్కౌట్ ర్యాలీకి అమ్మాయిలు పిలవకుండానే వచ్చి తమకూ చోటు అడిగారు. మరుసటి ఏడు గైడ్ ఉద్యమం మొదలైంది, పగ్గాలు స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పావెల్ చెల్లెలు ఆగ్నెస్ పట్టుకున్నారు. మన దేశంలో తొలి కంపెనీ 1911లో జబల్‌పూర్‌లో. 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడితే, గైడ్ల సంఘం 1951 ఆగస్టు 15న అందులో కలిసింది. పిల్లలు ఈ రెండు తేదీలనూ కలిపేస్తారు. ముందు ఇల్లు కట్టారు, తర్వాత గైడ్లు వచ్చారని చెబితే గుర్తుంటుంది.

పాటలకూ సమయం ఉంది: ప్రార్థన 90 సెకన్లు, జెండా పాట 45, జాతీయగీతం 52. గడియారం పెట్టి పాడించండి, సాగదీత దానంతటదే పోతుంది.

ఎక్కువ ఇబ్బంది జెండా దగ్గరే. మడిచి పైకి లాగాక ఒక్క గుంజుకు విచ్చుకోవాలి. తాడును రెండు మూడు చుట్లు బిగించి దోపితే కొసన ఇరుక్కుని, ఎంత లాగినా రాదు. ఒక చుట్టు చుట్టి, వదులు మడతను దాని కింద దోపితే చాలు. పైకి పంపేముందు కిందే ఒకసారి లాగి చూడాలి.

ప్రథమ సోపాన్‌లో ముడులు. రీఫ్ నాట్‌కు కుడి కొస ఎడమ మీదుగా, తర్వాత ఎడమ కొస కుడి మీదుగా. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే గ్రానీ నాట్ అవుతుంది, బరువు పడితే జారిపోతుంది. కొసలు తాడు పక్కనే ఆనుకుంటే సరైన ముడి, అడ్డంగా పొడుచుకొస్తే విప్పి మళ్లీ వేయించాలి. రెండు రంగుల తాళ్లిస్తే తప్పెక్కడో పిల్లలే పట్టేస్తారు. కట్టు కట్టేటప్పుడు ఇదే ముడి, చదునుగా ఉండి గాయం మీద గుచ్చుకోదని. అయినా ముడిని గాయం పక్కకే వేయించాలి.

ఇక లాగ్‌బుక్, అంటే ఒక్కో పిల్ల నెగ్గిన పరీక్షలు రాసుకునే పుస్తకం. ఏ పరీక్ష నెగ్గితే ఆ రోజే తేదీ వేసి సంతకం చేయండి. శిబిరానికి ముందు ఒక్కపెట్టున రాస్తే నెలల లెక్క కుదరదు. పేరు కూడా బడి రిజిస్టర్లో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరుతో సహా. సర్టిఫికెట్ వచ్చాక దిద్దించుకోవడం పెద్ద తలనొప్పి.